ఎంతలో ఎంత? పిల్లల భిన్నాల నుంచి పెద్దల రిపోర్టుల దాకా లెక్క తప్పకుండా చదివే పద్ధతి

బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ఒకటి: "మా వాడికి కూడికలు, గుణకారాలు బాగానే వస్తాయి సార్, భిన్నాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాడు." రెండోది అందరూ వెళ్లాక పక్కకొచ్చి, సంచిలోంచి రిపోర్టు తీసి అడిగేది: "ఈ అంకె ఎక్కువా తక్కువా సార్?"

నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో చాలా ఇళ్లలో అవ్వ మందుల చీటీ చదివేది హైస్కూలుకు వెళ్లే మనవరాలే. ఆ పిల్లకు 1/4, 1/8లలో ఏది పెద్దదో కచ్చితంగా తెలియకపోతే దాని ఫలితం పరీక్ష మార్కులతో ఆగదు. అందుకే పిల్లలకు నేర్పే పద్ధతినీ, పెద్దలు మందులూ రిపోర్టులూ చదివే పద్ధతినీ కలిపి రాస్తున్నాను.

ముందే ఒక మాట. డోసు నిర్ణయించేది డాక్టరే. ఆయన చెప్పిన డోసు మన చేతిలో తారుమారు కాకుండా చూసుకోవడం వరకే ఈ వ్యాసం.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- 24 సెం.మీ. పొడవున్న కాగితం పట్టీలు అయిదారు, ఒక స్కేలు
- లీటరు నీళ్ల సీసా, 200 మి.లీ. గ్లాసు
- ఇంట్లో వాడుతున్న మందుల డబ్బాలు, చీటీలు, సిరప్ సీసాతో వచ్చిన కొలత మూత
- పాత రిపోర్టులు, తేదీల వరుసలో
- ఒక రూళ్ల నోటుబుక్కు

పట్టీ 24 సెం.మీ.లే ఎందుకంటే, 24ని 2, 3, 4, 6, 8, 12తో శేషం లేకుండా భాగించవచ్చు. అరా, పావూ, మూడో వంతూ అన్నీ పూర్తి సెంటీమీటర్లలోనే వస్తాయి. పిల్లల దృష్టి దశాంశాల మీదికి పోదు.

2. అన్నిటికంటే ముందు "మొత్తం" ఏదో తేల్చుకోండి

నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో కొంటాం. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతిలో 36 అడుగులే. ఇక్కడి అర అంకణమూ అక్కడి ఒక అంకణమూ ఒకే విస్తీర్ణం. మొత్తం ఎంతో తెలియకుండా "అర" అన్న మాటకు విలువ లేదు.

మందుల విషయంలోనూ, రిపోర్టుల విషయంలోనూ జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే. అంకె కనిపిస్తుంది, దేనిలో ఆ అంకె అన్నది కనిపించదు. కాబట్టి నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు అంకె, కుడివైపు "దేనిలో?" అన్న ప్రశ్నకు జవాబు. కుడివైపు ఖాళీగా ఉన్నంతసేపూ ఎడమవైపు అంకెను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

3. పిల్లలకు భిన్నాలు: ఈ వరుస మార్చకండి

3.1 మడత. పట్టీని సగానికి మడిచి గీత గీయించండి. రెండో పట్టీని నాలుగుకి, మూడోదాన్ని ఎనిమిదికి మడిపించండి. ఒక్కో ముక్కను స్కేలుతో కొలిపించండి: 12, 6, 3 సెం.మీ. "1/8 పెద్దది, ఎందుకంటే 8 పెద్దది" అనే పిల్లవాడు తన చేత్తోనే 3 సెం.మీ. కొలిచాక ఆ మాట అనడు. మీరు చెప్పి దిద్దకండి, కొలవనివ్వండి.

3.2 గీత మీద చోటు. పట్టీ ఎడమ చివర 0, కుడి చివర 1 రాయించండి. 1/2, 1/4, 3/4 ఎక్కడ వస్తాయో చుక్క పెట్టించండి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. రొట్టె ముక్కల బొమ్మకు రంగు వేయడం వచ్చినంత మాత్రాన భిన్నం వచ్చినట్టు కాదు. 3/4 అనేది 3, 4 అనే రెండు అంకెల జత కాదనీ, 0కీ 1కీ మధ్య చోటున్న ఒకే ఒక సంఖ్య అనీ కుదిరితేనే తర్వాతి లెక్కలు నిలుస్తాయి. ఇక్కడ వారం పట్టినా తొందరపడకండి.

3.3 పోలిక. ఇప్పుడు 1/3, 1/4 ఇచ్చి ఏది పెద్దదో అడగండి. ముందు ఊహించాలి, తర్వాత కొలవాలి. 8 సెం.మీ., 6 సెం.మీ.

3.4 కూడిక. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడ వస్తుంది: 1/2 + 1/3 = 2/5. పైవి పైవి, కిందివి కిందివి కలిపేస్తారు. ఎర్ర ఇంకుతో కొట్టేస్తే రేపు మళ్లీ అదే చేస్తారు. పట్టీ తీయించండి. 12 సెం.మీ.కు 8 సెం.మీ. కలిపితే 20. అంటే 24లో 20, అదే 5/6. మరి 2/5 ఎంత? 9.6 సెం.మీ. "పన్నెండుకు ఇంకొంచెం కలిపితే పన్నెండు కంటే తగ్గుతుందా?" అని అడిగి ఊరుకోండి. హారాలు ఎందుకు సమానం చేయాలో అప్పుడు చెబితే చెవికెక్కుతుంది.

3.5 దశాంశం. 0.25 పెద్దదా, 0.5 పెద్దదా? "25 పెద్దది కదా" అనే జవాబు తొమ్మిదో తరగతిలో కూడా వింటాం. 0.5ను 0.50 అని రాయించండి, చుక్క తర్వాత అంకెలు సమానం కాగానే విషయం తెలిసిపోతుంది. మందుల డబ్బాల మీద 0.25 మి.గ్రా., 0.5 మి.గ్రా. అని రెండు రకాల మాత్రలు ఉంటాయి, రెండోది మొదటిదానికి రెట్టింపు. ఇది పెద్దవాళ్లూ తెలుసుకోవాలి.

4. గీత ఉన్న ప్రతిదీ భిన్నం కాదు

చీటీల మీదా, రిపోర్టుల మీదా ఒకే అడ్డగీతను రకరకాల పనులకు వాడతారు. ఏది ఏదో విడదీసుకోండి.

- 1/2 మాత్ర: ఇది నిజంగానే సగం.
- బీపీ 120/80: ఇది భిన్నం కాదు. గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి పైది, వదులైనప్పటిది కిందది. భాగించి చూస్తే 120/80 = 1.5, 180/120 కూడా 1.5 అవుతుంది. కానీ మొదటిది మామూలు బీపీ, రెండోది వెంటనే డాక్టర్‌కు చెప్పాల్సిన బీపీ. రెండు అంకెల్నీ విడివిడిగా రాసుకోండి.
- కంటి చీటీలో 6/12: చూపు సగం పోయిందని కాదు. మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదువుతుందని.
- 1-0-1: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 1/2-0-1/2 అని ఉంటే పూటకు సగం, రోజుకు మొత్తం ఒకటి. "రోజుకు సగం" అని చదువుకుంటే మందు సగానికి పడిపోతుంది.
- 250 మి.గ్రా./5 మి.లీ.: ప్రతి 5 మి.లీ.లోనూ 250 మి.గ్రా. మందు ఉందని.

5. సిరప్ కొలత

పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ ఒకే బలంలో దొరకదు. 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్న సిరప్ ఉంది, 250 మి.గ్రా. ఉన్నది ఉంది, ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉన్న చుక్కల మందూ ఉంది. పేరు ఒకటే, బలం వేరు.

12 కిలోల పిల్లకు డాక్టర్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా. ఇవ్వమన్నారనుకోండి.

- 120/5 సీసా: 180ని 120తో భాగించి 5తో గుణిస్తే 7.5 మి.లీ.
- 250/5 సీసా: 3.6 మి.లీ.
- 100/1 చుక్కల మందు: 1.8 మి.లీ.

పోయినసారి 7.5 మి.లీ. పోశాం కదా అని ఈసారి 250/5 సీసాలోంచీ అంతే పోస్తే 375 మి.గ్రా. పోతుంది. చెప్పినదానికి రెట్టింపు దాటింది. చుక్కల మందును సిరప్ అనుకుని పోస్తే ఇంకా ప్రమాదం.

సరిచేసే పద్ధతి:

- "ఎన్ని మి.లీ.?" అని మాత్రమే కాక "ఎన్ని మి.గ్రా.?" అని కూడా అడిగి రాయించుకోండి.
- సీసా చూపించి, దాని మీదే మి.లీ. రాయమనండి.
- వంటింటి చెంచా వద్దు. ఏ ఇంటి చెంచా కొలత ఆ ఇంటిదే. కొలత మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడండి.
- మూతను బల్ల మీద పెట్టి, కన్ను గీతకు సమానంగా వంచి చూడండి. చేత్తో ఎత్తి పట్టుకుని చూస్తే గీత తప్పుతుంది.
- ఇచ్చిన టైమ్ గోడ క్యాలెండర్ మీద రాయండి. అమ్మ ఇచ్చిందని తెలియక నాన్న మళ్లీ ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు.

6. ఇన్సులిన్: 40, 100 కలిసిపోతే

ఈ భాగం నిదానంగా చదవండి. ఇంట్లో ఎవరు సూది వేస్తారో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మన దగ్గర ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. సీసాల్లో ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లలో, కొన్ని సీసాల్లో మి.లీ.కి 100 యూనిట్లు. సిరంజిలు కూడా రెండు రకాలు: 40 బలానికి ఎర్ర మూతది, 100 బలానికి నారింజ మూతది. సిరంజి మీద గీతలు ఆ బలానికి తగ్గట్టే గీస్తారు. 40 సిరంజిలో 20వ గీత అంటే అర మి.లీ. 100 సిరంజిలో 20వ గీత అంటే మి.లీ.లో అయిదో వంతే.

డాక్టర్ 20 యూనిట్లు రాశారు. ఇప్పుడు చూడండి:

- 40 సీసా, 40 సిరంజి, 20వ గీత: 20 యూనిట్లు. సరిగ్గా ఉంది.
- 40 సీసా, 100 సిరంజి, 20వ గీత: 0.2 మి.లీ. × 40 = 8 యూనిట్లు. షుగర్ తగ్గదు. "డోసు సరిపోవట్లేదు" అని డాక్టర్ పెంచుతారు. తర్వాత ఎప్పుడో సరైన సిరంజి చేతికి వస్తే ఆ పెరిగిన డోసు మొత్తం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.
- 100 సీసా, 40 సిరంజి, 20వ గీత: 0.5 మి.లీ. × 100 = 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. ప్రాణం మీదికి వస్తుంది.

సూది వేసే ముందు ప్రతిసారీ:

- సీసా మీద 40 ఉందా, 100 ఉందా? పైకి చదవండి.
- సిరంజి మీద అదే అంకె ఉందా? రెండూ కలిస్తేనే సూది.
- కలవకపోతే లెక్కగట్టి సర్దుబాటు చేసుకోకండి. నాకు లెక్క వచ్చు కదా అని కూడా చేయకండి. షాపుకు వెళ్లి సరైన సిరంజి తెచ్చుకోండి. రాత్రి పూట కళ్లు సరిగా ఆనని టైమ్‌లో వేసే సూది ఇది.

ఎక్కువ వేశామని అనుమానం వచ్చినా, చెమటలు, వణుకు, తికమక కనిపించినా, మెలకువగా ఉంటే వెంటనే గ్లూకోజ్ గానీ చక్కెర నీళ్లు గానీ తాగించి 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

7. ఓఆర్‌ఎస్, సగం మాత్ర

లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. ఆ ప్యాకెట్టు మొత్తం 200 మి.లీ. గ్లాసులో కలిపితే ద్రావణం అయిదు రెట్లు చిక్కనై పిల్లకు హాని చేస్తుంది. "గ్లాసుకు కొంచెం" అని చిటికెడు చొప్పున వేస్తే పలచనై పని చేయదు. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు విడిగా దొరుకుతాయి, మీద రాసింది చూసి కొనండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

మధ్యలో గీత ఉన్న మాత్రనే విరవాలి. పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి నిదానంగా కరిగేలా చేసినవి. డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగకుండా వాటిని విరవకండి, క్యాప్సూల్ తెరవకండి.

8. రిపోర్టులో అంకెలు

8.1 హెచ్‌బీఏ1సీ 7 శాతం. "నూటికి ఏడే కదా, తక్కువే" అనుకునేవాళ్లు ఉన్నారు. ఈ శాతం మార్కుల శాతం లాంటిది కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగానికి చక్కెర అంటుకుందో చెప్పే అంకె ఇది. 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక, 6.5, ఆపైన డయాబెటిస్. 7 నుంచి 8కి పెరిగితే "ఒక్క పాయింటే" అనిపిస్తుంది. కానీ సగటు షుగర్ సుమారు 154 నుంచి 183కి ఎక్కిందని దాని అర్థం.

8.2 క్రియాటినిన్. కిడ్నీలు రక్తంలోంచి వడపోసి బయటికి పంపే వ్యర్థం ఇది. భిన్నాలు బాగా అర్థమైనవాళ్లకు ఇక్కడ గొప్ప ఉపయోగం ఉంది. కిడ్నీల వడపోత తగ్గేకొద్దీ క్రియాటినిన్ పెరుగుతుంది, స్థూలంగా తలకిందుల భిన్నం లాగా. ఒక మనిషికి 1 ఉన్నది 2 అయి అక్కడే నిలిచిపోతే వడపోత దాదాపు 1/2కి పడింది. 4 అయితే 1/4కి. 4 నుంచి 5 అయితే 1/4 నుంచి 1/5కి. కాగితం మీద 1 నుంచి 2, 4 నుంచి 5 రెండూ ఒక్క పాయింటే. మొదట ఉన్న పూర్తి వడపోతలో చూస్తే, మొదటిది సగం పోవడం, రెండోది 1/20 పోవడం. "1.0 నుంచి 1.6 అయింది, పెద్ద తేడా లేదులే" అని వదిలేయకండి. పెద్ద తేడానే.

వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుని కిడ్నీల వడపోతను అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ అంకె రిపోర్టులో ఉందేమో చూడండి, లేకపోతే అడగండి. అది 60 లోపు మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ఇది పెరిగితే మంచిది, క్రియాటినిన్ పెరిగితే చెడ్డది. రెండింటి పక్కనా బాణం గుర్తు వేసుకోండి.

8.3 తాగే నీళ్లు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో చెప్పనక్కర్లేదు. నీళ్ల రిపోర్టులో పీపీఎం అన్నా, లీటరుకు మి.గ్రా. అన్నా ఒకటే. భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1.0 వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. 1.15, 1.2లలో ఏది ఎక్కువ? 3.5లో నేర్చుకున్నట్టు 1.2ను 1.20 అని రాసి చూడండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, కాబట్టి లీటరుకు లెక్క చూస్తే పెరుగుతుంది.

9. "రిస్కు" అన్న మాట వినగానే

గర్భిణుల స్క్రీనింగ్ రిపోర్టులో, పుట్టబోయే బిడ్డకు ఏదైనా లోపం ఉండే అవకాశం ఎంతో చెప్పడానికి 1:250, 1:1000 లాంటివి వస్తాయి. 1000 పెద్ద అంకె కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం అనుకుని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. రెండింటినీ వెయ్యి మందికి మార్చండి: 1:250 అంటే వెయ్యికి నలుగురు, 1:1000 అంటే వెయ్యికి ఒక్కరు. మొదటిదే ఎక్కువ.

ఈ పొరపాటు చదువులేని వాళ్లదే అనుకోకండి. యమగిషి అనే పరిశోధకుడు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, "పది వేల మందిలో 1286 మంది చనిపోతారు" అన్న వాక్యాన్ని "నూటికి 24.14 మంది" అన్న వాక్యం కంటే ఎక్కువ ప్రమాదంగా జనం అంచనా వేశారు. నిజానికి మొదటిది నూటికి 13 కూడా కాదు.

ఇంకో ఉచ్చు "రెట్టింపు", "సగం" అన్న మాటలు. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. భయపడి చాలామంది మాత్రలు మానేశారు, తర్వాత అక్కర్లేని గర్భాలు వచ్చి అబార్షన్లు పెరిగాయి. ఆ రెట్టింపు అసలు లెక్క: ఏడు వేల మందిలో ఒకరు ఉండే చోట ఇద్దరు. కాబట్టి "రెట్టింపు" వినగానే "ఎంత నుంచి ఎంతకు?" అని అడగాలి.

పరీక్ష పాజిటివ్ వస్తే నోటుబుక్కులో వెయ్యి మందిని రాసి చూడండి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. వెయ్యి మందిలో 10 మందికి జబ్బు ఉంది, పరీక్ష వాళ్లలో 9 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో నూటికి 9 చొప్పున పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది, అంటే 89 మంది. మొత్తం పాజిటివ్‌లు 98, అందులో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 9. సుమారు పది మందిలో ఒకరు. "90 శాతం పట్టుకునే పరీక్ష" అంటే "పాజిటివ్ వచ్చిన నాకు 90 శాతం జబ్బు ఉంది" అని కాదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. రెండో పరీక్ష రాసేది ఇందుకే, అది తప్పకుండా చేయించుకోండి.

రిస్కు చెప్పినప్పుడు అడగాల్సినవి:

- ఎంతమందిలో ఎంతమందికి?
- ఎన్నేళ్లలో? ఏడాదిలోనా, పదేళ్లలోనా?
- నా వయసు వాళ్లలోనా, అందరిలోనా?
- మందు వాడకపోతే ఎంత, వాడితే ఎంత?
- ఆపరేషన్‌కు "95 శాతం సక్సెస్" అంటే, మిగిలిన అయిదుగురికి ఏమవుతుంది?

10. డాక్టర్ గది దాటే ముందు

విన్నది విన్నట్టు తిరిగి చెప్పండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో అయినా, ఒంగోలు రిమ్స్‌లో అయినా బయట క్యూ ఉంటుంది, మొహమాటం వేస్తుంది. అయినా ఈ రెండు వాక్యాలకు అర నిమిషం చాలు:

"డాక్టర్ గారూ, ఈ తెల్ల మాత్ర పొద్దున సగం, రాత్రి సగం, మొత్తం రోజుకు ఒకటి. సిరప్ ఈ సీసాలోంచే 3.6 మి.లీ. అంతేనా అండీ?"

"అంతేనమ్మా" అంటే సరే. తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది. ఇంటి దగ్గర సందేహం వస్తే ఊరి ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో సీసాతో సహా కలవండి, ఫోన్‌లో పేరు మాత్రం చెప్పి అడగకండి.

చదవలేని పెద్దవాళ్లకు మూడు చిన్న డబ్బాల మీద సూర్యుడు, భోజనం పళ్లెం, చందమామ బొమ్మలు వేసి ఏ పూట మాత్ర ఆ డబ్బాలో పెట్టండి. సగం మాత్రలు మర్నాటి వరకే విరిచి ఉంచండి, నెలకు సరిపడా ఒకేసారి విరిస్తే పొడిగా రాలిపోతాయి.

మెడికల్ షాపులో "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే మందు" అని వేరేది ఇస్తే, కౌంటరు దగ్గరే పాత డబ్బా పక్కన కొత్తది పెట్టి మి.గ్రా. అంకె చూడండి. సిరప్ అయితే "5 మి.లీ.లో ఎంత" అన్న వరుస కూడా చూడండి. అంకె మారితే డబ్బు ఇవ్వకముందే అడిగి, కొత్త లెక్క ఆ డబ్బా మీదే రాయించుకోండి.